మా గ్యారేజీలో కట్టిన బకెట్టు

"బకెట్టు అయిదు డాలర్లకు వస్తుంది కదండీ, ఇంట్లో తయారు చేయడం ఎందుకు?" అంది మా ఆవిడ, టీ-బకెట్ అనే పేరు మొదటిసారి విన్నప్పుడు. ఏడాదిలో పూర్తవుతుందని చెప్పాను. "మూడేళ్లు" అంది, కూరగాయలు తరుగుతూనే, తల ఎత్తకుండా. చివరికి మూడేళ్ల నాలుగు నెలలు పట్టింది.

నేను కట్టింది టీ-బకెట్ అనే రకం హాట్ రాడ్, అంటే పాత కారును వేగం కోసం మార్చి కట్టుకునే బండి. పాత ఫోర్డు మోడల్ టీ కారు తొట్టి లాంటి చిన్న తొట్టి, దాని ముందు బానెట్టు లేకుండా నగ్నంగా నిలబడే పెద్ద ఇంజను, వెనక వెడల్పాటి చక్రాలు, ముందు సన్నటి చక్రాలు. మడ్‌గార్డులు ఉండవు. వాన పడితే బురదంతా మొహానికే. మా ఊరివాళ్లకు ఫొటో పంపితే, "ట్రాక్టరా?" అని అడిగారు.

ఈ పిచ్చి 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లతో మొదలైంది. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సుల అడుగు బల్లపరుపుగా, గట్టిగా ఉండేది. అక్కడికి వెళ్లి ఎవరి బండి ఎంత వేగం అందుకుంటుందో తేల్చుకునేవారు. 1937లో ఈ పందేలు నడపడానికి ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. బండ్లకు కొదవ లేదు. ఫోర్డు 1908 నుంచి 1927 దాకా కోటిన్నర మోడల్ టీ కార్లు చేసింది, పాత ఇనుము కొట్లలో అవి కుప్పలుగా పడి ఉండేవి. 1932లో అదే ఫోర్డు చవక కారులో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను పెట్టేసరికి వాళ్లకు దారి దొరికింది. తేలికపాటి పాత బండి, బలమైన కొత్త ఇంజను, అక్కరలేనిదల్లా విప్పి అవతల పారేయడం. 1950లలో నార్మ్ గ్రబౌస్కీ అనే ఆయన కట్టిన బండి టీవీలో కనిపించాక టీ-బకెట్ అంటే ఇలాగే ఉండాలని జనం మనసులో పడిపోయింది. ఇప్పుడు తొట్టి ఫైబర్ గ్లాసుతో పోతపోసి అమ్ముతారు. నా బండి చూడటానికి 1923 ఫోర్డులా ఉంటుంది కానీ అందులో ఆనాటి మేకు ఒక్కటి కూడా లేదు.

నేను ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాను. పుట్టింది విజయవాడలో. ఆటోనగర్‌లో మా నాన్నకు, బాబాయికి కలిపి ఒక షెడ్డు ఉండేది. నాన్న లెక్కలు చూసేవాడు, బాబాయి లారీ బాడీలకు వెల్డింగు చేసేవాడు. వేసవి సెలవుల్లో నన్ను బిల్లులు రాయడానికి కూర్చోబెట్టేవారు. పానా ముట్టుకుంటే మాత్రం నాన్న కళ్లెర్రజేసేవాడు. అందుకని నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా వెల్డింగు టార్చి పట్టుకోలేదు. పట్టుకున్నాక మొదటి అతుకు ఫొటో తీసి బాబాయికి పంపాను. "కాకి రెట్టలా ఉంది. గ్రైండ్ చేసి మళ్లీ వెయ్యి" అని జవాబు వచ్చింది. ఆ తరువాత మూడేళ్లూ అదే మాట రకరకాలుగా విన్నాను. మాకు రాత్రి పదిన్నర అయితే అక్కడ ఉదయం ఎనిమిది. పిల్లలు పడుకున్నాక గ్యారేజీలో ఫోను ఒక డబ్బా మీద నిలబెట్టి, వీడియోలో ఆయన్ను కూర్చోబెట్టుకునేవాణ్ని. ఆయన కాఫీ తాగుతూ చూసేవాడు.

ఆయనకు ఈ బండి సంగతేమీ తెలియదు. ఇంజను బయటకు కనిపించడం ఆయనకు చివరిదాకా మింగుడుపడలేదు. కానీ ఛాసిస్ అంటే ఏ దేశంలోనైనా ఛాసిసే.

ఛాసిస్ రెండు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు ఉన్న ఉక్కు గొట్టంతో చేశాను. గోడ మందం అంగుళంలో ఎనిమిదో వంతు. నేల మీద ప్లైవుడ్ పరిచి, నడిమధ్య గీత కొట్టి, అన్ని కొలతలూ ఆ గీత నుంచే తీసుకున్నాను. చక్రాల మధ్య దూరం అసలు మోడల్ టీలో 100 అంగుళాలు. నేను 104 పెట్టాను. ఎందుకంటే నేను తెచ్చిన షెవర్లే ఇంజనుకు డిస్ట్రిబ్యూటర్, అంటే సిలిండర్లకు వరసగా నిప్పురవ్వ కరెంటు పంచే భాగం, వెనక పక్కన ఉంటుంది. 100 అంగుళాలకు కడితే అది తొట్టి గోడను ఆనుకుంటుంది, తరువాత విప్పాలంటే వేలు కూడా దూరదు. ఇది కాగితం మీద తట్టలేదు. ఖాళీ ఇంజను బ్లాకును కప్పీతో వేలాడదీసి, తొట్టిని దాని వెనక పెట్టి చూసినప్పుడే తెలిసింది.

అన్నీ కోసి, ఆనించి, ఐమూలగా రెండు పక్కలా కొలిస్తే వీసమెత్తు తేడా లేదు. పొంగిపోయి, ముందు అడ్డదూలం ఒక పక్క మొత్తం ఏకబిగిన వెల్డింగు చేసేశాను. పొద్దున కొలిస్తే కుడి గొట్టం లోపలికి అంగుళంలో అయిదో వంతు గుంజుకుపోయి ఉంది. అతుకు చల్లారేటప్పుడు కుంచించుకుపోతూ ఇనుమును తన వైపు లాక్కుంటుంది. బాబాయి నవ్వాడు. "లారీ అయితే సుత్తితో సర్దేవాళ్లం. నీది బొమ్మ బండి కదా, కోసి మళ్లీ వెయ్యి" అన్నాడు. ముందు అన్నిచోట్లా టాకాలు, తరువాత ఒక మూల అంగుళంన్నర, దానికి ఎదురు మూల అంగుళంన్నర, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక మళ్లీ. ఆ పద్ధతిలో ఒక్క ఛాసిస్‌కే పదకొండు వారాంతాలు పోయాయి.

గ్యారేజీ వెల్డింగులో ఇంకో తిప్పలుంది. మిగ్ వెల్డింగులో తీగతో పాటు ముప్పాతిక వంతు ఆర్గాన్, పావు వంతు కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువు వస్తుంది. కరిగిన ఇనుముకు గాలి తగలకుండా కాపాడేది అదే. తలుపు తెరిస్తే గాలి దాన్ని ఎగరేసుకుపోయి అతుకు నిండా సూదిబెజ్జాలు పడతాయి. తలుపు మూస్తే పొగ. ఒకరోజు తొందరలో జింకు పూత ఉన్న నట్టును అలాగే అతికించాను. ఆ రాత్రి చలిజ్వరం, కీళ్లనొప్పులు, నోట్లో ఇనప రుచి. బాబాయికి చెబితే, "పాలు తాగు, మేమందరం అదే తాగేవాళ్లం" అన్నాడు. తాగాను. పాలకూ జింకు పొగకూ సంబంధం లేదని మరునాడు డాక్టరు చెప్పింది. ఒకరోజులో దానంతట అదే తగ్గుతుందట, తగ్గింది కూడా. అప్పటి నుంచి పూత గీకకుండా దేన్నీ ముట్టుకోలేదు, ముఖానికి వడపోత మాస్కు లేకుండా టార్చి వెలిగించలేదు.

ముందు యాక్సిల్‌ను స్ప్రింగ్‌ఫీల్డ్ పాత సామాన్ల సంతలో కొన్నాను. మైళ్ల కొద్దీ వరసల్లో తుప్పు, మధ్యలో వేయించిన తినుబండారాల వాసన. మన శనివారం సంతకు వెళ్లినట్టే ఉంటుంది, బేరం కూడా అలాగే. యాక్సిల్ మీద అడ్డంగా ఒకే కమాను కట్ట. దాని కింద ఇటూ అటూ రెండేసి కడ్డీలు యాక్సిల్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచుతాయి. ఆ కడ్డీల పొడవు సరిచేస్తే చక్రాలు పక్కలకు తిరిగే ఇరుసు ఎంత వెనక్కు వాలాలో అంత వాలుతుంది. ఆ వాలు లేకపోతే స్టీరింగు వదిలినప్పుడు బండి నేరుగా పోదు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా కాకుండా ఏటవాలుగా ఉండటం వెనక ఉన్న కిటుకే ఇది. ఇలాంటి యాక్సిల్‌కు అయిదు నుంచి ఏడు డిగ్రీలు ఉండాలంటారు. నేను ఛాసిస్‌ను స్టాండ్ల మీద రసమట్టంతో సరిచేసి, లెక్కగా ఆరు డిగ్రీలు పెట్టాను.

తప్పు అక్కడే జరిగింది. ఏడాది తరువాత చక్రాలు బిగించి దింపినప్పుడు, వెనకవి పెద్దవి కాబట్టి ఛాసిస్ మొత్తం ముందుకు వంగింది. ఆ వంపు రెండున్నర డిగ్రీలు. నా ఆరు కాస్తా మూడున్నర అయిపోయింది. నేను దాన్ని మళ్లీ కొలవలేదు, ఒకసారి కొలిచాను కదా అన్న ధీమా. మొదటి పరీక్షలో గంటకు నలభై మైళ్ల దగ్గర బండి తాగినవాడిలా రోడ్డంతా తనదే అన్నట్టు నడిచింది. స్టీరింగు పెట్టెను అనుమానించాను, టైర్లను అనుమానించాను, రోడ్డును కూడా తిట్టాను. చివరికి కోణం కొలిచే పరికరం పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. కడ్డీల చివర్లు నాలుగు చుట్లు తిప్పడంతో సరిపోయింది. ఆ నాలుగు చుట్ల వెనక ఆరు వారాల అనుమానం ఉంది.

ఇంజను గురించి అందరూ అడుగుతారు. నిజం చెప్పాలంటే మొత్తం పనిలో అదే తేలిక. షెవర్లే 350 అనే ఈ వీ8 1967 నుంచి దశాబ్దాల పాటు కార్లలో, ట్రక్కుల్లో వచ్చింది. విడిభాగాలు కిరాణా సరుకుల్లా దొరుకుతాయి. నాది ఒక పాత పికప్ ట్రక్కులోది. సిలిండర్లు అరిగిపోతే మెషీన్ షాపులో అంగుళంలో వెయ్యింట ముప్పై వంతులు వెడల్పు చేయించాను. దాంతో 350 ఘనపు అంగుళాలు 355 అయ్యాయి. పిస్టన్లు, బేరింగులు నేనే వేశాను. మా పెద్దవాడికి అప్పుడు పద్నాలుగేళ్లు. ఏ సిలిండర్ తరువాత ఏది మండుతుందో వాడికి ఎక్కంలా నేర్పాను: 1, 8, 4, 3, 6, 5, 7, 2. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తెలుగు పద్యం మాత్రం ఒక్కటీ రాదు.

మొదటిసారి స్టార్టు చేసిన రోజు పక్కింటి పెద్దాయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. తాళం తిప్పాను. ఢామ్మని కార్బురేటర్ లోంచి రెండడుగుల మంట. పెద్దాయన కుర్చీ రెండు గజాలు వెనక్కు జరిగింది. మావాడు మంటలార్పే సిలిండర్ ఎత్తాడు, పిన్ను తీయడం మరిచిపోయాడు, అదృష్టం. లేకపోతే ఆ పొడి తుడవడానికి ఇంకో నెల పట్టేది. కారణం చాలా పాతది, అందరూ చేసేదే. మొదటి సిలిండర్‌లో పిస్టన్ పైకి రావడం చూసి డిస్ట్రిబ్యూటర్ బిగించాను. కానీ నాలుగు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి మిశ్రమాన్ని నొక్కుతూ, ఇంకోసారి పొగను బయటకు నెడుతూ. నేను పట్టుకున్నది పొగ నెట్టే సమయం. స్పార్క్ ప్లగ్ తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి వేలిని తోస్తున్నప్పుడు గుర్తు పెట్టుకోవాలి. అంతే. డిస్ట్రిబ్యూటర్ ఎత్తి సగం చుట్టు తిప్పి దించాను. రెండో ప్రయత్నంలోనే అందుకుంది.

అందుకున్నాక సంబరపడే తీరిక లేదు. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఇలాంటి పాతకాలపుదైతే, మొదటి ఇరవై నిమిషాలూ ఇంజనును నిమిషానికి రెండు వేల చుట్లకు తగ్గకుండా తిప్పాలి. ఇంజను ఊరికే నిలకడ మీద నడిస్తే క్యామ్‌కు నూనె సరిగా అందక అక్కడికక్కడే అరిగిపోతుంది. సైలెన్సర్లు ఇంకా రాలేదు. ఆ ఇరవై నిమిషాలు మా వీధి మొత్తానికి గుర్తుండిపోయాయి. మా ఆవిడ ముందురోజే పది ఇళ్లకు మైసూర్ పాకు పంచింది, అందుకే ఎవరూ పోలీసులకు ఫోను చేయలేదని నా నమ్మకం.

వైరింగు, రంగు, సీట్ల సంగతి ఎక్కువ చెప్పను. ఫైబర్ గ్లాసులో కరెంటు పారదు కాబట్టి ప్రతి దీపానికీ విడిగా ఎర్తు తీగ లాగాలి. అది మరిచిపోయి రెండు సాయంత్రాలు మిణుగురుల్లాంటి లైట్ల ముందు కూర్చున్నాను. లప్పం పూసి గీకడం నా వల్ల కాలేదు. రంగు వేసే షాపులో ఇచ్చి డబ్బు కట్టాను. అది ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. చలికాలంలో రెజిన్ గట్టిపడదని, గ్యారేజీని వెచ్చగా ఉంచడానికి అయిన కరెంటు బిల్లు చూస్తే ఎవరైనా అదే చేస్తారు.

బ్రేకుల దగ్గర మాత్రం ఆగాలి. "పోయేది తరువాత, ముందు ఆగేది చూపించు" అని బాబాయి మొదటి నెల నుంచీ అడుగుతూనే ఉన్నాడు. ఇంజనంటే ఆయనకు పట్టదు. పెడల్ నొక్కితే ఎక్కడికి పోతుందో చూపించమంటాడు. ఈ బండిలో బ్రేకు ద్రవాన్ని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ కాళ్ల కింద, నేలకు దగ్గరగా ఉంటుంది. అంటే చక్రాల దగ్గరి బ్రేకుల కంటే కిందన్నమాట. బండి ఆగి ఉన్నప్పుడు ద్రవం మెల్లగా వెనక్కు జారి, పొద్దున మొదటిసారి నొక్కితే పెడల్ నేలకు అంటుకుంటుంది. దీనికి గొట్టాల మధ్య కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వులు పెడతారు. ముందు డిస్కులకు చదరపు అంగుళానికి 2 పౌండ్లది, వెనక డ్రమ్ములకు 10 పౌండ్లది. డ్రమ్ముల్లో స్ప్రింగులు బలంగా వెనక్కు లాగుతాయి కాబట్టి అక్కడ ఎక్కువ కావాలి.

నేను రెండింటినీ తారుమారు చేసి బిగించాను.

మొదటి రోజు కాలనీలో నాలుగు చుట్లు తిరిగి వచ్చేసరికి ముందు చక్రాల దగ్గర కమురు వాసన. కొత్త రంగు కాలుతోందనుకున్నాను. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే పెనం దగ్గర పెట్టినట్టుంది. డిస్కులను ప్యాడ్లు వదలకుండా పట్టుకునే ఉన్నాయి, 10 పౌండ్ల ఒత్తిడి వాటిని వెనక్కు రానివ్వలేదు. గొట్టాలన్నీ మళ్లీ విప్పాను. ఉక్కు గొట్టం చివరను రెండు మడతలు పెట్టి విరియబెట్టాలి, ఒక మడతతో వదిలేస్తే పగులుతుంది. ఆ మడత సరిగా రాక పాడుచేసిన గొట్టం ముక్కలను మావాడు ఒక తీగకు గుచ్చి గ్యారేజీ తలుపుకు తోరణం కట్టాడు. లెక్కపెడితే ఇరవై మూడు.

ఇంకో చిన్న విషయం. తొట్టి ఎంత ఇరుకంటే, నా బూట్లతో బ్రేకు నొక్కితే యాక్సిలరేటర్ కూడా నొక్కుకునేది. పెడళ్లు రెండుసార్లు కోసి మార్చాను. చాలక, పాదం సన్నగా ఉండే క్రీడాకారుల బూట్లు కొన్నాను. అవి బండిలోనే ఉంటాయి.

ఒహాయోలో సొంతంగా కట్టిన బండికి ముందు రాష్ట్ర పోలీసుల తనిఖీ జరగాలి. ప్రతి ప్రధాన భాగానికీ రశీదు చూపించాలి, దొంగ సామాను కాదని తేలాలి. సంతలో కొన్న యాక్సిల్‌కు, అమ్మినాయనతో కాగితం మీద రాయించి సంతకం తీసుకోవడం పనికొచ్చింది. నా చిన్నప్పటి బిల్లుల పుస్తకం అలవాటేమో, మేకు కొన్న రశీదు కూడా తేదీ వారీగా ఫైలులో పెట్టాను. తనిఖీ చేసినాయన ఫైలును బండి కంటే ఎక్కువసేపు చూశాడు. తరువాత కోర్టు గుమాస్తా కార్యాలయంలో యాజమాన్య పత్రం, ఆపై నంబరు పలక. ఆ పత్రంలో తయారీదారు పేరు ఉండే చోట ఫోర్డూ లేదు, షెవర్లే లేదు. ఇంట్లో కట్టినదని రాసి ఉంది.

తూకం వేయిస్తే 1,840 పౌండ్లు వచ్చింది, అంటే 835 కిలోలు. మన మారుతి 800 కంటే బరువే, ఇంజను మాత్రం దానికి ఏడు రెట్లకు పైగా పెద్దది. సగం నొక్కితే చాలు, మెడ వెనక్కు పోతుంది. పూర్తిగా నేను ఒకేసారి నొక్కాను, మళ్లీ నొక్కలేదు. మా ఆవిడ ఒకసారి ఎక్కింది. జుట్టు ముడి ఊడిపోయింది. దిగాక "బకెట్టు బాగుంది" అంది. ఆమె నోటి నుంచి ఇంత పొగడ్త అరుదు.

మొన్న జూలైలో కొలంబస్ ప్రదర్శన మైదానంలో ఏటా జరిగే పాత బండ్ల జాతరకు తీసుకెళ్లాను. వేల బండ్లు. నాది ఒక మూల. అయినా కొందరు వంగి కింద చూశారు, ఈ లోకంలో పైన చూసేవాడి కంటే కింద చూసేవాడికే విలువ. ఒకాయన యాక్సిల్ కడ్డీలు చూసి తలూపి వెళ్లాడు. ఆ తలూపుడు కోసమే వెళ్లానేమో.

ఆ రాత్రి బాబాయికి వీడియోలో బండిని చుట్టూ తిప్పి చూపించాను. ఎర్ర రంగు, మెరిసే గొట్టాలు, తోలు సీటు. ఆయన ఏమీ అనలేదు. "కిందకు పెట్టు ఫోను" అన్నాడు. పెట్టాను. "ఇంకొంచెం వెనక్కు... ఆ, ఆగు. ఆ వెనక అడ్డదూలం ఎడమ చివర అతుకు ఉబ్బుగా ఉంది. పైన కూర్చుంది, లోపలికి దిగలేదు."

"రంగు వేయించేశాను బాబాయ్, ఇప్పుడెలా?"

"రంగు వేయించింది నువ్వే కదా" అన్నాడు.

అది నేను ముందు అడ్డదూలంతో దెబ్బ తినక మునుపు, మొదటి వారాల్లో వేసిన అతుకు. శనివారం బండిని మళ్లీ స్టాండ్ల మీదకు ఎత్తి, బ్యాటరీ తీగలు విప్పి, అక్కడి రంగు గీకి, గ్రైండర్ ఆనించాను. పై పొర పోగానే రెండు లోహాల మధ్య వెంట్రుకంత నల్లటి గీత, అంగుళంన్నర పొడవునా కనిపించింది.